ఠాణా ఎంత దూరం?

 

ఎవరి పేరు మీద ఏటా ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ ప్లీడరుగారి దగ్గర నేను మూడేళ్ళు జూనియర్‌గా ఉన్నాను. ఏజెన్సీ నుంచి దిగివచ్చిన కక్షిదారు ఎవరైనా సరే, బెంచీ మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, ఆయన మొదట అడిగే ప్రశ్నలు రెండే. "మీ ఊరికి ఠాణా ఎంత దూరం?" "అక్కడి హెడ్డుకి మీ మాట వచ్చా?" సెక్షన్లు, సాక్షులు, వకాలతు అన్నీ ఆ తర్వాతే. ఈ రెండింటికీ జవాబు ఫైలు అట్ట లోపలివైపు పెన్సిలుతో రాసుకునేవారు. కుర్రతనం కొద్దీ అదొక చాదస్తం అనుకున్నాను. కోర్టులో అవతలి వకీలు లేచి "ఫిర్యాదు రెండు రోజులు ఆలస్యమైంది, కాబట్టి కట్టుకథ" అన్నప్పుడు ఆయన తాపీగా అట్ట తిప్పి చూసుకుని, కొండదారి ఎన్ని మైళ్ళో, మధ్యలో ఎన్ని వాగులో, ఆ వారం వాన ఎంత పడిందో చెప్పుకొచ్చేవారు. అప్పుడు తెలిసింది ఆ పెన్సిలు రాత ఎందుకో.

ఈసారి ఉపన్యాసానికి ఏం మాట్లాడతారని నిర్వాహకులు అడిగితే, ఆస్ట్రేలియా మారుమూల ఆదివాసీ ఊళ్ళల్లో పోలీసుల గురించి అన్నాను. ఫోనులో కాసేపు నిశ్శబ్దం. "మనవాళ్ళకి దాంతో ఏం పని?" అన్న మాట వారు అనలేదు కానీ నాకు వినిపించింది. ఆ నేల నేను తొక్కలేదు. విచారణ సంఘాల నివేదికలు, మరణ విచారణల కాగితాలు చదివినవాణ్ణి మాత్రమే. చదువుతున్నంతసేపూ ప్లీడరుగారి రెండు ప్రశ్నలే చెవిలో మోగాయి. అందుకే ఇక్కడికి తెచ్చాను.

ముందు దూరం సంగతి. ఆస్ట్రేలియాలో నార్తర్న్ టెరిటరీ అనే ప్రాంతం విస్తీర్ణం సుమారు 13.5 లక్షల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా సుమారు 2.75 లక్షలే. అంటే దాదాపు ఐదు రెట్లు. అంత నేల మీద ఉండే జనం రెండున్నర లక్షలు, మన జిల్లా కేంద్రం ఒకదానికి సరిపోయే జనాభా. వాళ్ళలో సుమారు 30 శాతం ఆదివాసులు. రాజధాని డార్విన్ ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉంది. ఎడారి నడిబొడ్డున ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ అక్కడికి 1,500 కిలోమీటర్లు. ఆలిస్ నుంచి వాయవ్యంగా, టానమై ఎడారి దారిలో మరో 290 కిలోమీటర్లు పోతే యుయెందుము అనే వార్ల్‌పిరి వాళ్ళ ఊరు వస్తుంది. ఎనిమిది వందల మంది జనం. ఈ ఊరి పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఇక ఉత్తరపు తీరంలో వడీయే లాంటి ఊళ్ళకి వానాకాలంలో దారే ఉండదు. నెలల తరబడి విమానం ఒక్కటే గతి. అక్కడ అదనపు బలగాలు రావాలంటే ముందు మబ్బు విడవాలి.

ఇప్పుడొక వింత చెబుతాను. జనాభా లెక్కన చూస్తే ఆస్ట్రేలియా మొత్తంలో పోలీసులు ఎక్కువగా ఉన్నది ఈ నార్తర్న్ టెరిటరీలోనే. లక్షమందికి ఇంతమంది అన్న నిష్పత్తి జాతీయ సగటుకి రెండింతలకి పైమాటే. కాగితం మీద చూసిన ఆర్థిక శాఖ అధికారి ఎవరైనా "ఇంకేం కావాలి వీళ్ళకి?" అనే అంటాడు. అదే లెక్కని ఊళ్ళవారీగా విడదీస్తే, చాలా ఊళ్ళల్లో స్టేషనుకి ఇద్దరో ముగ్గురో, కొన్నిచోట్ల ఎవరూ లేరు. ఇద్దరున్నచోట ఒకరు సెలవు పెడితే మిగిలేది ఒక్కరే. ముద్దాయిని కోర్టుకి తీసుకుపోతే ఆ రోజంతా ఊళ్ళో ఠాణాకి తాళమే. నిష్పత్తిలో మాత్రం ఇద్దరూ ఇరవైనాలుగ్గంటలూ కనబడుతూనే ఉంటారు. పోలీసు బలాన్ని తలకి ఇంతని కొలిచే పద్ధతి పట్నాల కోసం పుట్టింది. ఎడారిలో కొలవాల్సింది రాత్రి రెండు గంటలకి కేక వేస్తే ఎవరు ఎంతసేపట్లో వస్తారన్నది.

ఆ రెండు గంటల వేళ ఏం జరుగుతుందో చూడండి. ఒకామె మూడు సున్నాలు నొక్కుతుంది, అది వాళ్ళ అత్యవసర నంబరు. ఫోను మోగేది ఊళ్ళో ఠాణాలో కాదు, ఎక్కడో డార్విన్‌లో. అవతల ఉన్నది ఇంగ్లిషు. ఈమె ఇంట్లో మాట్లాడేది వార్ల్‌పిరి, లేకపోతే పిత్జాంత్‌జత్జర. ఇంగ్లిషు ఈమెకి మూడోదో నాలుగోదో. అవతలివాళ్ళు వీధి పేరు అడుగుతారు. ఈ ఊళ్ళల్లో ఇళ్ళని గుర్తుపట్టేది లాట్ నంబర్లతో, కాకపోతే "ఫలానా ముసలమ్మ ఇల్లు, నీళ్ళ ట్యాంకు పక్కన" అన్న గుర్తుతో. ఈ అడగడం, చెప్పడం సాగుతుండగానే వెనక తలుపు విరుగుతుంది. 2024 నవంబరు 25న టెరిటరీ కరోనర్ ఎలిజబెత్ ఆర్మిటేజ్, భర్తల చేతిలోనో సహచరుల చేతిలోనో చనిపోయిన నలుగురు ఆదివాసీ స్త్రీల మరణాల మీద 35 సిఫార్సులతో తన నిర్ధారణలు ఇచ్చారు. ఆ విచారణలో అత్యవసర ఫోను కేంద్రం పనితీరు కూడా చర్చకొచ్చింది. కరోనర్ అంటే అనుమానాస్పద మరణాల మీద విచారణ జరిపే న్యాయాధికారి. మన శవపంచాయతీ కంటే చాలా పెద్ద అధికారం, శిక్ష వేసే అధికారం మాత్రం ఉండదు.

అందుకే "మాకు పోలీసులు కావాలి" అని మొదట గట్టిగా అడిగినవాళ్ళు ఆదివాసీ ఆడవాళ్ళు. ఈ మాట ఇక్కడ కొందరు మిత్రులకి మింగుడుపడదని తెలుసు. పోలీసు అనగానే అణచివేత అని మొదలుపెట్టే అలవాటు మనది, నాది కూడా. కానీ మధ్య ఎడారిలో మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసేచోట, 1980లో ఏర్పడిన ఎన్‌పీవై మహిళా మండలి ఏళ్ళ తరబడి ప్రభుత్వాల గుమ్మాలు తొక్కింది ఊళ్ళల్లో శాశ్వతంగా పోలీసుల్ని పెట్టమనే. అప్పట్లో దక్షిణ ఆస్ట్రేలియాలో ఏపీవై భూములకి, అంటే లక్ష చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఆదివాసీ నేలకి, పోలీసులు బయటి రహదారి మీద ఉన్న మార్లా నుంచి బండిమీద వచ్చిపోయేవారు. గొడవ జరిగిన రోజు కాకుండా మర్నాడో ఎల్లుండో. 2008లో అక్కడి పిల్లల మీద అఘాయిత్యాల గురించి విచారణ జరిపిన టెడ్ మల్లిగన్ నివేదిక ఇచ్చారు. బిడ్డకి జరిగింది చెప్పుకోవడానికి దగ్గర్లో మనిషే లేకపోతే ఫిర్యాదు ఎలా పుడుతుంది? దానికి ముందు, 2002లో, పశ్చిమ ఆస్ట్రేలియాలో స్వయంగా ఆదివాసీ అయిన న్యాయాధికారి స్యూ గార్డన్ సారథ్యంలో ఒక విచారణ సాగింది. దాని ఫలితంగానే పోలీసు, పిల్లల సంరక్షణ శాఖ, కోర్టు ఒకే కప్పు కింద ఉండే భవనాలు మారుమూల ఊళ్ళల్లో లేచాయి.

అడిగినవాళ్ళకి పోలీసు అంటే ఏమిటో తెలియక అడిగారనుకోకండి. వాళ్ళకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

1928లో కానిస్టన్ అనే పశువుల క్షేత్రం దగ్గర డింగో కుక్కల్ని పట్టే ఒక తెల్లవాడిని ఆదివాసులు చంపారు. దానికి జవాబుగా మౌంటెడ్ కానిస్టేబుల్ జార్జ్ మర్రే నాయకత్వంలో గుర్రాల మీద వెళ్ళిన బృందాలు వారాల తరబడి ఆ ఎడారిలో వార్ల్‌పిరి, అన్మాత్యెర్, కేటెత్య జనాన్ని వేటాడాయి. ప్రభుత్వ లెక్క 31 మంది. అంతకి రెట్టింపు పైమాటేనని ఆ జనం చెప్పుకునే లెక్క, ఇంకా ఎక్కువ చెప్పేవాళ్ళూ ఉన్నారు. విచారణ బోర్డు కాల్పులన్నీ సమంజసమేనని తేల్చింది. 2018లో, తొంభై ఏళ్ళకి, అప్పటి పోలీసు కమిషనర్ రీస్ కెర్షా ఆ చోటికి వెళ్ళి క్షమాపణ చెప్పారు. ఆ తుపాకుల నుంచి తప్పించుకున్నవాళ్ళ పిల్లలు, మనవలే నేను చెప్పిన యుయెందుములో ఉన్నారు. 1946లో ఆ ఊరు మొదలైంది కూడా రేషను పంచే కేంద్రంగా.

అంతకు ముందుది ఇంకొక ఘటన. 1911లో రోపర్ నది ప్రాంతంలో ఒక మౌంటెడ్ కానిస్టేబుల్ కొందరు ఆదివాసీ ఖైదీల్ని మెడకి గొలుసులు వేసి నడిపించుకుపోతున్నాడు. వరదలో ఉన్న విల్టన్ నది దాటుతుండగా గుర్రం తన్ని, కానిస్టేబుల్ నీళ్ళలో కొట్టుకుపోయాడు. తెల్లవాళ్ళు నెయిబర్ అని పేరు పెట్టిన ఖైదీ ఒకడు, మెడ గొలుసుతోనే నీళ్ళలోకి దూకి ఆయన్ని ఒడ్డుకి లాక్కొచ్చాడు. పారిపోవడానికి అంతకు మించిన అవకాశం ఏముంటుంది? బ్రిటిష్ రాజు పేరున ఆయనకి ఆల్బర్ట్ పతకం ఇచ్చారు. ఆ పతకం అందుకున్న మొదటి ఆస్ట్రేలియా ఆదివాసీ ఆయనే. పోలీసుకీ ఆ జనానికీ మధ్య సంబంధం గురించి ఎవరైనా తేలిగ్గా ఒక్క మాటలో తేల్చబోతే నాకు ఈ నది గుర్తొస్తుంది. ఇంకొకటి కూడా కలపాలి. ఆ రోజుల్లో పోలీసే ఆదివాసులకి ‘సంరక్షకుడు’ అని చట్టం రాసింది. మిశ్రమ సంతానాన్ని తల్లుల ఒళ్ళోంచి లాక్కుపోయింది ఆ సంరక్షక హోదాలోనే. ఖాకీ బట్ట కనబడితే పిల్లని పొదల్లో దాచే తల్లులు మొన్న మొన్నటి దాకా బతికున్నారు.

ఇన్ని తెలిసిన ఆడవాళ్ళే ఠాణా అడిగారు. ఏది అడిగారో, ఏది వచ్చిందో 2007లో తేలిపోయింది.

2006లో టెరిటరీ ప్రభుత్వం పిల్లల మీద లైంగిక దాడుల సంగతి విచారించమని రెక్స్ వైల్డ్, పాట్ ఆండర్సన్‌లకి అప్పగించింది. ఆండర్సన్ ఆదివాసీ మహిళ. వాళ్ళు టెరిటరీ అంతా తిరిగి 97 సిఫార్సులు చేశారు. మొట్టమొదటి సిఫార్సులోనే, ఏం చేసినా ఆ జనంతో నిజంగా కూర్చుని మాట్లాడి చెయ్యమన్నారు. 2007 జూన్ 21న ప్రధాని జాన్ హోవర్డ్ ‘అత్యవసర చర్య’ ప్రకటించారు. ఆ నిర్ణయానికి ముందు ఎవరితోనూ కూర్చోలేదు. జాతి వివక్షని నిషేధించిన 1975 చట్టం ఆ చర్యలకి వర్తించకుండా పక్కన పెట్టారు. 73 ఊళ్ళని జాబితాలోకెక్కించారు. సైనికులు సామగ్రి మోసుకొచ్చారు. తమ నివేదికకీ ఈ చర్యలకీ పొంతన లేదని నివేదిక రాసిన ఆండర్సనే బాహాటంగా అన్నారు.

ఆ చర్యల్లో ఒకటి, టాస్క్‌ఫోర్స్ థెమిస్ పేరుతో 18 ఊళ్ళల్లో పోలీసు స్టేషన్లు. విడిభాగాలు లారీల మీద తెచ్చి బిగించిన గదులు. కాపలాకి టెరిటరీ పోలీసులు కొందరు, ఇతర రాష్ట్రాల నుంచీ సమాఖ్య పోలీసు నుంచీ డిప్యుటేషను మీద వచ్చినవాళ్ళు కొందరు. ఇక్కడే నా చదువులో నేను ఆగి రెండుసార్లు చదివిన భాగం ఉంది. 2009లో ఆదివాసీ న్యాయసహాయ సంస్థల తరఫున ఈ స్టేషన్ల మీద ఒక అధ్యయనం జరిగింది. ఆ సంస్థలు పోలీసులకి ఎదురు నిలబడి వాదించేవి. అయినా వాళ్ళు నిజాయితీగా రాసింది ఏమంటే, చాలా ఊళ్ళల్లో జనం ఠాణా వచ్చినందుకు సంతోషించారని. రాత్రి నిద్ర పడుతోందని చెప్పినవాళ్ళున్నారు. దాంతోపాటే ఇంకో సంగతీ రాశారు. ఆ ఠాణాలకి ఎక్కువ పని దొరికింది రోడ్డు మీద. లైసెన్సు లేని బండి, రిజిస్ట్రేషను లేని బండి, సీటుకి మించిన జనం. లైసెన్సు ఇచ్చే ఆఫీసు వందల కిలోమీటర్ల అవతల ఉంటే అందరూ లైసెన్సు లేనివాళ్ళే. జరిమానా కట్టకపోతే వారెంటు, వారెంటు తర్వాత జైలు. పిల్లల్ని కాపాడడానికని పెట్టిన ఠాణా పాత టొయోటా తోలే తాతని పట్టుకుంది. అతగాణ్ణి పట్టుకోవడం తేలిక కాబట్టి.

ఈ ప్రమాదం 1991లోనే తెలుసు. నిర్బంధంలో ఆదివాసీ మరణాల మీద నాలుగేళ్ళ పాటు పనిచేసిన రాయల్ కమిషన్ 99 మరణాల్ని పరిశీలించి 339 సిఫార్సులు చేసింది. ఆ కమిషన్ కనిపెట్టిన అసలు సంగతి చాలామందికి గుర్తుండదు. లాకప్పులో పెట్టిన ఆదివాసీ, లాకప్పులో పెట్టిన తెల్లవాడి కంటే ఎక్కువగా చనిపోవడం లేదు. లాకప్పులో పెట్టబడుతున్నవాళ్ళల్లో ఆదివాసులు అంతులేనంత మంది. కారణం అక్కడుంది. ఈనాటికీ టెరిటరీ జైళ్ళల్లో పదిమంది ఖైదీల్లో ఎనిమిది మందికి పైగా ఆదివాసులే. కాబట్టి పోలీసుల్ని పెంచండి అన్న ప్రతి నోటు పక్కన, వాళ్ళకి ఏ పని అప్పజెబుతున్నారన్న నోటు కూడా పెట్టాలి.

ఇప్పుడు యుయెందుము.

2019 నవంబరు. పంతొమ్మిదేళ్ళ వార్ల్‌పిరి కుర్రవాడు. అతన్ని నేను కుమన్జాయి వాకర్ అనే అంటాను. చనిపోయినవాళ్ళ అసలు పేరు పలకడం ఆ జనంలో తగని పని, దాని బదులు వాడే పేరు కుమన్జాయి. ఆలిస్‌లోని పునరావాస కేంద్రం నుంచి వచ్చేశాడని అతని మీద వారెంటు ఉంది. పట్టుకోవడానికి వెళ్ళిన ఇద్దరు స్థానిక పోలీసుల ముందు గొడ్డలి ఎత్తాడు, తప్పించుకుపోయాడు. ఆ ఇద్దరూ తుపాకీ తియ్యలేదు. వాళ్ళకి కుర్రవాడు తెలుసు, ఇంటివాళ్ళు తెలుసు. ఊళ్ళో పెద్దాయన అంత్యక్రియలున్నాయి, అవయ్యాక అతను లొంగిపోతాడని ఇంటివాళ్ళతో స్టేషను సార్జెంటుకి ఒక మాట కుదిరింది. అంత్యక్రియలు ఆలస్యమయ్యాయి. ఇక్కడ సిబ్బంది సంగతి చూడండి. ఆ రోజుల్లోనే ఊళ్ళో నర్సుల క్వార్టర్లలో దొంగతనాలు జరుగుతున్నాయి. ఉన్న కొద్దిమంది పోలీసులూ రాత్రిళ్ళు పిలుపులకి లేచి లేచి అలిసిపోయారు. భయపడిన వైద్య సిబ్బంది నవంబరు 9న ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. సార్జెంటు ఆలిస్ నుంచి మనుషుల్ని పంపమంది. వచ్చింది తక్షణ స్పందన దళం.

సార్జెంటు రాసిన పథకం ప్రకారం, రాత్రి వాళ్ళు గస్తీ తిరిగి తన మనుషుల్ని పడుకోనివ్వాలి. మర్నాడు తెల్లవారుజామున స్థానిక అధికారిని వెంటబెట్టుకుని, కుర్రవాడు నిద్రలో ఉండగా అరెస్టు చెయ్యాలి. దళం ఆ సాయంత్రమే ఇళ్ళమ్మట వెతుక్కుంటూ బయల్దేరింది. 511 నంబరు ఇంట్లో అతను కనబడ్డాడు. పెనుగులాటలో కత్తెరతో ఒక కానిస్టేబుల్ని పొడిచాడు. ఆ కానిస్టేబుల్ మూడుసార్లు కాల్చాడు. కుర్రవాణ్ణి స్టేషనుకి తీసుకొచ్చారు. డాక్టరు లేడు, నర్సు లేదు. ప్రథమ చికిత్స తెలిసిన పోలీసులే చేతనైనది చేశారు. సుమారు గంటలో ప్రాణం పోయింది. బయట జనం రాత్రంతా ఎదురుచూశారు. చనిపోయాడన్న కబురు మర్నాడు గానీ వాళ్ళకి చెప్పలేదు.

కాల్చిన కానిస్టేబుల్ని 2022 మార్చిలో జ్యూరీ నిర్దోషిగా తేల్చింది. ఆ తర్వాత కరోనర్ విచారణ సాగింది. కానిస్టేబుల్ జాతి విద్వేషం ఉన్న మనిషి అనీ, ఆ పోలీసు శాఖలోనే అది వేళ్ళూనుకుని ఉందనీ 2025లో కరోనర్ తేల్చారు. ఆ భాగం పత్రికల్లో పతాక శీర్షికలకెక్కింది, ఎక్కాల్సిందే. నేను చూస్తున్నది మాత్రం ఆ శీర్షిక కింద ఉన్న చిన్న అక్షరాల్ని. ఊరు తెలిసినవాళ్ళు నిద్ర లేక అలిసిపోయారు కాబట్టి ఊరు తెలియనివాళ్ళు వచ్చారు. సార్జెంటుకి ఇంకో ముగ్గురు నలుగురు మనుషులుండి, వాళ్ళు అక్కడే ఏళ్ళుగా ఉన్నవాళ్ళయితే, ఆ ఫోను ఆలిస్‌కి వెళ్ళేదా? జరగనిదాని గురించి ప్రమాణం చెయ్యలేను. గొడ్డలి ఎత్తినప్పుడు తుపాకీ తియ్యని ఇద్దరు ఆ ఊళ్ళోనే ఉన్నారన్నది మాత్రం రికార్డులో ఉంది.

ఆ తర్వాత యుయెందుము పెద్దలు, వాళ్ళల్లో నెడ్ జంపిజిన్‌పా హార్‌గ్రేవ్స్ ముందున నిలబడి, మా ఊళ్ళల్లో తుపాకులు వద్దు అని ఉద్యమం నడిపారు. చూసేవాళ్ళకి ఇది పాత కోరికకి ఎదురనిపిస్తుంది. నిన్న పోలీసులు కావాలన్నారు, ఇవాళ తుపాకీ వద్దంటారు. నాకైతే రెండూ ఒకే అర్జీలో రెండు పేరాలు. తలుపు తడితే పలికే మనిషి కావాలి, ఆ మనిషికి మేం ఎవరమో తెలియాలి.

తెలియడం అంటే ఏమిటో వాళ్ళు ఎప్పుడో చేసి చూపించారు. 1980ల్లో టెన్నంట్ క్రీక్‌లో జులలికారి సంఘం వాళ్ళు రాత్రి గస్తీ మొదలుపెట్టారు. 1990ల మొదట్లో యుయెందుము ఆడవాళ్ళు, ఎక్కువమంది అమ్మమ్మలు, నానమ్మల ఈడువాళ్ళు, చేతికర్రలు పట్టుకుని తమ గస్తీ తాము తిరిగారు. అది మందు నిషేధమున్న ఊరు. దొంగచాటుగా సీసాలు తెచ్చే బళ్ళకి అడ్డంపడేవారు. తాగి తూలేవాణ్ణి ఇంటికి నడిపించేవారు. అరెస్టు చేసే అధికారం వాళ్ళకి లేదు. ఉన్నదల్లా వరస.

ఈ వరస సంగతి ఒక్క నిమిషం, ఎందుకంటే ఇంత తేలిగ్గా దీన్ని అర్థం చేసుకోగల శ్రోతలు వేరే భాషలో దొరకరు. వార్ల్‌పిరి వాళ్ళల్లో ప్రతి మనిషికీ ఎనిమిది వరస పేర్లలో ఒకటి పుట్టుకతో వస్తుంది. మగవాళ్ళకి జ శబ్దంతో, ఆడవాళ్ళకి న శబ్దంతో మొదలవుతుంది. జంపిజిన్‌పా అలాంటిదే. కొత్త మనిషి ఊళ్ళోకొస్తే ముందు అతనికో వరస అంటగడతారు, అప్పుడే ఎవరు అక్కో ఎవరు బావో తెలుస్తుంది. మేనరికం ఉన్న మన ద్రావిడ భాషల వరసల్నీ, పశ్చిమ ఆస్ట్రేలియాలోని కరియేరా జనపు వరసల్నీ మానవ శాస్త్రవేత్తలు పక్కపక్కన పెట్టి పాఠాలు చెప్పుకున్నారు, అంత పోలిక. ఇంగ్లిషువాడికి మామయ్య, బాబాయి, పెదనాన్న ఒకే మాట. వాడికి ఆ ఊరి గొడవ ఎవరి మధ్యనో ఎలా తెలుస్తుంది? అక్కడ అల్లుడు అత్తగారికి ఎదురుపడకూడదు, మాట్లాడకూడదు. ఆ ఊరివాడే అయిన ఆదివాసీ పోలీసు ఒక్కడే ఉన్నాడనుకోండి. కేక వినబడ్డ ఇంట్లో అతని అత్త వరస మనిషి ఉంటే గుమ్మం దాటలేడు. పైనుంచి వచ్చిన పోలీసు ఒక్కడే ఉంటే దాటకూడని గుమ్మం దాటేస్తాడు. కాబట్టి ఇద్దరూ కావాలి. సిబ్బంది పట్టికలు రాసేవాళ్ళు ఈ లెక్క వేసుకోరు.

2007 తర్వాత ప్రభుత్వం రాత్రి గస్తీలకి డబ్బిచ్చి అన్ని ఊళ్ళకీ విస్తరించింది. మంచిదే. కానీ నిర్వహణ కొత్తగా ఏర్పడిన పెద్ద పెద్ద స్థానిక పాలక మండళ్ళ చేతికి పోయింది. చొక్కాలొచ్చాయి, బళ్ళొచ్చాయి, నింపాల్సిన ఫారాలొచ్చాయి. ఎవరు తిరగాలో నిర్ణయించేవాళ్ళు మాత్రం అమ్మమ్మలు కాకుండా పోయారు.

ఇళ్ళ సంగతి చెప్పకపోతే ఈ విషయం పూర్తి కాదు, వినడానికి చప్పగా ఉన్నా సరే. మారుమూల ఊరికి పోలీసుని పంపాలంటే ముందు క్వార్టరు కావాలి. క్వార్టరు కట్టాలంటే ఆదివాసీ భూమి మీద లీజు కావాలి, మేస్త్రీ నుంచి మేకు దాకా వందల కిలోమీటర్ల నుంచి రావాలి. మంజూరైన పోస్టు ఖాళీగా ఉండిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. ఇందులోనే ఒక చేదు ఉంది. బయటి నుంచి వచ్చిన పోలీసుకి ప్రభుత్వ ఇల్లు దొరికేది. ఆ ఊళ్ళోనే పుట్టి ఆదివాసీ పోలీసుగా చేరినవాడు ‘స్థానిక నియామకం’ కిందికొస్తాడు కాబట్టి అతనికి ఇల్లు లేదని చాలాకాలం నడిచింది. పదిహేను మంది ఉన్న ఇంట్లో పడుకుని, రాత్రి అదే ఇంటి గొడవకి పొద్దున్నే యూనిఫారం వేసుకుని కేసు రాయాలి. అలాంటివాళ్ళు ఉద్యోగంలో నిలవడం లేదని పైవాళ్ళు ఆశ్చర్యపోయేవారు.

ఇంకోలా కూడా జరగొచ్చునని వారకర్న చెబుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో, ఉలురు కొండకి పడమరగా 330 కిలోమీటర్ల దూరాన రెండు మూడు వందల మంది ఉండే ఊరు. 2018 నుంచి అక్కడి స్టేషనుని నడిపినవాళ్ళు రెవిస్ రైడర్, వెండీ కెల్లీ. ఇద్దరూ నూంగర్ జాతివాళ్ళు, అంటే ఆదివాసులే కానీ ఎక్కడో నైరుతి మూలవాళ్ళు. ఆ ఎడారి వాళ్ళకీ పరాయిదే. ఆ రాష్ట్రంలో సిబ్బంది అంతా ఆదివాసులే అయిన మొదటి ఠాణా అది. వాళ్ళిద్దరూ అక్కడి న్గాన్యత్జర భాష నేర్చుకోసాగారు. ఆ ఠాణా మీద ఒక డాక్యుమెంటరీ కూడా వచ్చింది. చర్మం రంగు ఒక్కటే చాలనుకుంటే వాళ్ళు ఆ శ్రమ పడక్కర్లేదు కదా!

ప్లీడరుగారి మొదటి ప్రశ్నకి డబ్బుతో జవాబు చెప్పొచ్చు. ఇళ్ళు కట్టొచ్చు, పోస్టులు పెంచొచ్చు, అలిసినవాడి బదులు ఇంకొకణ్ణి పంపొచ్చు. రెండోదానికి కాలం పడుతుంది. రెండేళ్ళకోసారి బదిలీ అయ్యే మనిషికి, మాట నోటబడే వేళకి ఉత్తర్వు వస్తుంది.

2025 మేలో, వాకర్ మరణం మీద కరోనర్ నిర్ధారణలు వెలువడాల్సిన వేళ దగ్గరపడుతుండగా, యుయెందుముకే చెందిన ఇంకొక వార్ల్‌పిరి యువకుడు ఆలిస్‌లోని ఒక దుకాణంలో పోలీసులు అదిమిపట్టినప్పుడు చనిపోయాడు. నిర్ధారణలు వాయిదా పడ్డాయి. చివరికి జూలై 7న కరోనర్ పట్నంలో కూర్చోకుండా ఎడారి దారిన యుయెందుముకే వెళ్ళి, ఆ జనం ముందే వాటిని వినిపించారు. మొత్తం 32 సిఫార్సులు. అందులో ఒకటి, పోలీసు శాఖ ఆ ఊరి పెద్దలతో కూర్చుని, ఎప్పుడెప్పుడు తుపాకీ లేకుండా ఊళ్ళో తిరగాలన్నది కూడా కలిపి, పరస్పర గౌరవ ఒప్పందం రాసుకోవాలని.

ఈ వాక్యం చదివినప్పుడు ప్లీడరుగారే నా పక్కన కూర్చుని ఉంటే ఏమనేవారా అని ఆలోచించాను. కళ్ళద్దాలు తుడుచుకుని, పెన్సిలు చెక్కుకుని, ఆ ఒప్పందం ఏ భాషలో రాస్తున్నారోయ్ అని అడిగేవారు.